అందరికీ ఒక మాట

లావణ్య కోడ్‌లో తలమునకలై ఉండగా తెర మధ్యలో వచ్చి పడింది ఆ మెసేజ్.

"వాన వచ్చేట్టుండాది. బండ్లు లోపల పెట్టుకోండప్పా. - మునిరాజు"

ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు, దాని కింద అదే మాట కన్నడంలో.

సర్వర్ రూమ్‌లో కూర్చుని 'వాల్' అని ఒక్క కమాండ్ కొడితే చాలు, లాగిన్ అయి ఉన్న అందరి తెరల మీదా ఒకేసారి కనిపిస్తుంది. రాస్తున్న వరుసలకు అడ్డం పడుతుంది. సర్వర్లు చూసుకునే మునిరాజుకు మాత్రం అవేవీ పట్టవు.

అతన్ని లావణ్య ఎన్నడూ చూడలేదు. చూడకుండానే ఒళ్ళు మండింది.

"ఆయన కబుర్లు ఆపించండి సార్," అంది మేనేజర్ శ్రీకాంత్‌తో. "సోమవారం క్లయింట్‌కి రిజల్ట్స్ చూపించాలి. నా ప్రాజెక్ట్ ఉండేదీ ఊడేదీ ఆ రోజే తేలుతుంది."

"పాత మనిషి. ఏదైనా ముంచుకొస్తే ముందు చెప్పేదీ ఆయనే."

"చెప్పాలంటే మెయిల్ పెట్టమనండి."

ఆ సాయంత్రమే మునిరాజుకు ఆ కమాండ్ అనుమతి తీసేశారు. లావణ్య ప్రాణం హాయిగా ఉంది.

శుక్రవారం భోజనాల వేళ గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. చెవుల్లో పాటలు. కార్డు ఉంటేనే తెరుచుకునే గాజు తలుపు అవతల ఎవరో పెద్దాయన చేతులు ఊపుతున్నాడు. కొరియర్ అనుకుని, తర్వాత రమ్మని సైగ చేసింది.

కాసేపటికి సర్వర్ ఆగిపోయింది. సోమవారం చూపించాల్సిన రిజల్ట్స్ కోసం ఇరవై రోజులుగా నడుస్తున్న లెక్కంతా పోయింది. ముందే తెలిస్తే రెండు నిమిషాల్లో దాచుకునేది.

మెయిల్ తెరిచింది. పావుగంట ముందే వచ్చి ఉంది.

"ఏసీ నిలిచిపోయింది. మిషన్ వేడెక్కి ఆగిపోతాది. దాచుకోండప్పా."

ఏడుపూ కోపమూ కలిసి పొంగుకొచ్చాయి. రెండంతస్తులు దిగి సర్వర్ రూమ్‌కు పరుగెత్తింది. అక్కడ టెక్నీషియన్ భారతి ఒక్కతే ఉంది.

"మునిరాజు ఎక్కడ?"

"రాజీనామా రాసి పెట్టి, ఇప్పుడే వాళ్ళ ఊరు హొసకోటె బస్సెక్కినాడు మేడమ్."

"ఇంత ముంచుకొస్తుంటే మెయిల్ పెట్టి ఊరుకుంటారా? పైకి రావచ్చు కదా."

"వచ్చినాడు. గాజు తలుపు కాడ నిలబడితే మీరే తర్వాత రమ్మన్నారంట. కాగితం మీద రాసి చూపించినాడు నాకు."

లావణ్య గొంతు తగ్గింది.

"ఆయనేనా? మరి గట్టిగా ఒక్క కేక వేయలేదేం?"

భారతి రాజీనామా కాగితం ఆమె ముందుకు జరిపింది.

"ఆపరేషన్ చేసి గొంతు తీసేసి మూడేండ్లాయె మేడమ్, ఆయప్పకు మిగిలిన నోరు ఆ కమాండ్ ఒక్కటే."