తనదేనని నమ్మినవాడు

“మీ ఆయన పేరు క్రిసాంతో. ఆయన ఈ తెలెస్ఫోరో ఇంటికి వెళ్ళి, ఈ నేల మాది అని చెప్పాడు. అవునా అమ్మా?” అనడిగాడు లాయరు బాలదాద్.

బోనులో నిలబడ్డ ఇలుమినాదా తల అడ్డంగా ఊపింది.

“ఏమో బాబూ. నేను చూడలేదు.”

లాయరు చేతిలో కాగితాలు తిరగేశాడు. నిన్న తన ఆఫీసులో అవుననే చెప్పింది. ఆ ఒక్క ‘అవును’ మీదే కేసంతా నిలబడి ఉంది.

ఏటి గట్టునున్న ఆ కొబ్బరి తోటని క్రిసాంతోకి దూరపు బంధువైన ఒకడి దగ్గర కొన్నానంటున్నాడు తెలెస్ఫోరో. అక్కడి చట్టం ప్రకారం, అమ్మినవాడికి హక్కు లేకపోయినా, కొన్నవాడు అది తనదేనని నిజంగా నమ్మి పదేళ్ళు అనుభవిస్తే చాలు, అతనిదైపోతుంది. పరాయిదని మొదట్లోనే తెలిస్తే మాత్రం ఆ పదేళ్ళూ పనికిరావు.

తెలెస్ఫోరో నమ్మాడట! అది క్రిసాంతో వాళ్ళ తాత నాటిన తోట అని ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. అమ్మినవాడు సీసా కల్లు పోయిస్తే సముద్రాన్నైనా రాసిచ్చే రకం. అయినా సరే, తెలెస్ఫోరో బోనెక్కి, మెళ్ళో శిలువ పైకి తీసి కళ్ళకద్దుకున్నాడు.

“దేవుడి సాక్షిగా చెబుతున్నానయ్యా. నాదేనని నమ్మాను. పసివాడిలా నమ్మాను.”

ఇలుమినాదాకి నవ్వొచ్చింది. పక్కింటి కోడి ఎక్కడ గుడ్డు పెడుతుందో తెలిసిన మనిషికి, పక్కింటివాడి నేల ఎక్కడుందో తెలియలేదు పాపం.

ఆమె లాయరు కోటు పట్టుకుని లాగింది. “ఒక్క మాట అడుగు బాబూ. ఆ నేల మీద వేరే ఎవరైనా చెయ్యి పెట్టారేమో అడుగు.”

“‘లేదు’ అన్నాడంటే అతనికే లాభం అమ్మా!”

“ఫరవాలేదు. అడుగు.”

తల బాదుకుని అడిగాడు లాయరు. తెలెస్ఫోరో ఛాతీ పొంగింది.

“ఇంకొకడా? కొన్న వారంలోనే కంచె వేశాను. పిట్టని వాలనివ్వలేదు. పందుల దొడ్డికి సిమెంటు గచ్చు కూడా ఆ వారమే, నా చేతుల్తో నేనే పోశాను. ఒక్క కూలివాణ్ణి పిలిస్తే ఒట్టు.” గుమాస్తా వైపు తిరిగి, “సరిగ్గా రాసుకోండి” అన్నాడు.

గుమాస్తా సరిగ్గానే రాసుకున్నాడు. నేల తెలెస్ఫోరోదేనని తీర్పొచ్చింది.

“మీ నేలని మీరే ముద్ద చేసి వాడి నోట్లో పెట్టారు కదమ్మా!” అని విసవిసా వెళ్ళిపోయాడు లాయరు.

చేపల బజారులో ఆడవాళ్ళు ఆమెకి వినపడేలాగే నవ్వుకున్నారు. “మొగుణ్ణే నిలుపుకోలేనిది నేలనేం నిలుపుకుంటుందే!”

తెలెస్ఫోరో అయితే దారికడ్డం వచ్చి మరీ ఓదార్చాడు.

“బాధపడకు ఇలుమినాదా. ఎంతైనా మీ ఆయన తెలివైనవాడు. నీతో వేగలేకే ఆనాడు ఆ సెబూ పట్నం పిల్లతో ఓడెక్కేశాడు. నా కళ్ళతో చూశానుగా!”

ఇలుమినాదా అతని మొహంలోకి చూసి, కాళ్ళ దగ్గర ఉమ్మి, వెళ్ళిపోయింది.

ఆదివారం తోటలో విందు. నిప్పుల మీద పంది తిరుగుతోంది. తెలెస్ఫోరో పాట అందుకున్నాడు. అంతలో ఇలుమినాదా వచ్చింది. వెనకాల ఇన్‌స్పెక్టరు, గడ్డపారలతో నలుగురు మనుషులు.

“ఓహో! పోలీసువారిని కూడా భోజనానికి తీసుకొచ్చావా?” అన్నాడు తెలెస్ఫోరో. అందరూ ఘొల్లుమన్నారు.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. “ఈ నేల మీదేనా?”

“నాదే. కోర్టే చెప్పింది కదయ్యా. పదకొండేళ్ళుగా నాదే.”

“పందుల దొడ్డిలో ఆ గచ్చు మీరే పోశారా?”

తెలెస్ఫోరో దొడ్డి వైపు ఒకసారి చూశాడు. చేతిలో గ్లాసు ఒరిగి కల్లు చొక్కా మీద కారుతున్నా చూసుకోలేదు. ఇలుమినాదా వైపే చూస్తూ ఉండిపోయాడు.

కోర్టుకి రాకముందే, పోయిన తుఫానుకి ఏటి గట్టు విరిగిపడినప్పుడు, తప్పిపోయిన మేకని వెతుక్కుంటూ ఆ వైపు వెళ్ళిన ఇలుమినాదాకి, ‘నేల మాదని తెలెస్ఫోరోతో చెప్పొస్తా’ అని పదకొండేళ్ళ కిందట గుమ్మం దిగిన మొగుడు ఆ గచ్చు కింద ఎముకలై కనిపించాడు.