దయాసాగర్ పథ్యం

“ఇలా అయితే నేను చేయగలిగిందేమీ లేదు” అన్నాడు నెల్లూరు డాక్టరు, స్కాన్ రిపోర్టు బల్ల మీద పెడుతూ. “లివర్ నిండా కొవ్వు పట్టింది. ఆ పొట్ట, ఆ బీపీ, అంచుదాకా వచ్చిన షుగరు, అన్నీ ఒకదానికొకటి తోడు. తిండి మార్చాలి, బరువు తగ్గాలి. అదీ క్రిస్మస్ లోపల. ఆ తర్వాత తగ్గినా లాభం ఉండదు.”

దయాసాగర్ తలూపాడు. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బస్సు నడిపే డ్రైవరు అతను. పొట్ట స్టీరింగుకు ఆనుతున్నప్పుడల్లా సీటు వెనక్కి జరుపుకుంటూ వచ్చాడు. బజ్జీ లేకుండా టీ తాగి ఎరగడు.

బయట బెంచీ మీద భార్య సుకుమారి కూర్చుని ఉంది.

“ఏమన్నాడయ్యా?”

“టైం తక్కువ ఉండాదంట.”

“పోనీలే. ఇంటికి పోదాం పా.”

ఆమె గొంతులో ఏడుపు లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

ఆత్మకూరులో ఒక క్లినిక్కులో చైత్ర అనే అమ్మాయి ఇలాంటివాళ్ళను వారానికోసారి కూర్చోబెట్టి మాట్లాడుతుంది. సగం తిండి గురించి, సగం మనసు గురించి. దయాసాగర్ అక్కడికి వెళ్ళాడు.

“ఏం తినకూడదో మీకు అందరూ చెప్పే ఉంటారు” అంది ఆమె. “మీరు దేనికోసం బాగుపడాలనుకుంటున్నారో అది చెప్పండి.”

ఒకాయన మనవరాలి పెళ్ళి అన్నాడు. ఒకావిడ తిరుమల మెట్లు ఎక్కాలంది.

“సుకుమారి” అన్నాడు దయాసాగర్.

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

“భయంతో పట్టిన పథ్యం ఎక్కువ రోజులు నిలవదన్నా” అంది చైత్ర. “ముద్ద ఎత్తే ముందు ఆ రోజు జరిగిన మంచి ఒకటి తలుచుకో. పైకే చెప్పుకో. తర్వాత తిను.”

అన్నం మానేసి కొర్రలు పట్టాడు. రాగిసంకటి, ఆకుకూర. తెల్లారకముందే ఉదయగిరిలో ఇంటి నుంచి దుర్గం కొండ అడుగుదాకా నడిచి వచ్చేవాడు. బస్టాండులో బజ్జీల బండి కనిపిస్తే మొహం తిప్పుకునేవాడు.

అడ్డం వచ్చింది సుకుమారే.

ఎన్నడూ లేనిది, పట్టుబట్టి అతనికి ఇష్టమైనవన్నీ వండేది. చేపల పులుసు, నెయ్యి కారిపోయే కారం దోసె. తను రెండు మెతుకులు కతికి అతని కంచం వైపే చూస్తూ కూర్చునేది. అతను పక్కకు నెడితే మొహం చిన్నబుచ్చుకునేది. ఒకరోజు కొర్రన్నంలో నూనె తేలింది. ఇంకోరోజు చప్పిడి టీలో చక్కెర తగిలింది.

 మరుసటి రోజు నుంచి దయాసాగరే వంట మొదలుపెట్టాడు. ఆమె గోడకు చేరగిలబడి చూస్తూ ఉండేది.

“ఆడది కూర్చోని మగోడి చేత వంట చేయిస్తాంది” అంది పక్కింటి పెంచలమ్మ, వినపడేటట్టే.

“మీ ఆవిడ్ని ఒకసారి తీసుకురా అన్నా, నేను మాట్లాడతా” అంది చైత్ర.

“రాలేదమ్మా.”

“పథ్యం పట్టినావని ఇంకా నీ మీద కోపమేనా?”

 “ఈపొద్దు గేటు దాకా వచ్చింది. నేను డ్యూటీకి పోతుంటే చెయ్యి ఊపింది. అదే ఈపొద్దుటి మంచి” అన్నాడు.

నవంబరులో బరువు తగ్గడం ఆగిపోయింది. ఎంత నడిచినా త్రాసు ముల్లు కదల్లేదు. ఆ వారమే వింజమూరులో చుట్టాల పెళ్ళి. ఒక్కడే వెళ్ళాడు. విస్తట్లో పలావు పడింది. అతని చెయ్యి అతని మాట వినలేదు. తిన్నాడు. మళ్ళీ పెట్టించుకుని తిన్నాడు. తర్వాత షామియానా వెనక్కి వెళ్ళి, గొంతులో వేలు పెట్టుకుని, ఏడుస్తూ కక్కాడు.

“నా వల్ల కాదమ్మా” అన్నాడు చైత్రతో. “ముద్ద ముద్దకీ ఒక ప్రాణాన్ని తింటన్నట్టు ఉండాది. అయినా తిన్నాను.”

చైత్ర మందలించలేదు. “అది వదిలెయ్. అన్నాళ్ళు తినకుండా నిలబడినావు కదా, ఎట్లా నిలబడినావు?”

“సుకుమారి మొహం తలుచుకుని.”

“ఈపొద్దు కూడా తలుచుకో. రేపటి సంగతి రేపు.”

అతను మళ్ళీ మొదలుపెట్టాడు. బుగ్గలు పీక్కుపోయాయి. బెల్టుకు కొత్త రంధ్రాలు పడ్డాయి. చర్చిలో వాళ్ళు చూసి, ఏదో పెద్ద జబ్బే అని గుసగుసలాడుకున్నారు.

ఒక సాయంత్రం సుకుమారి అరిసెల పళ్ళెం తెచ్చి అతని ముందు పెట్టింది. పక్కన కూలబడి, అతని పాదాలు పట్టుకుంది.

“తినయ్యా. నా మీద ఒట్టు. పిల్లా జెల్లా లేని బతుకులు మనవి. ఎందుకీ యాతన? దేవుడు పిలిస్తే పోవాల్సిందే గదా.”

“పిలిస్తే పిలవనీ” అన్నాడు దయాసాగర్, ఆమె చేతులు విడిపిస్తూ. “నేను తలుపు తీయను.”

ఆమె అప్పుడు ఏడ్చింది. ఇన్ని నెలల్లో మొదటిసారి.

క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా ఇద్దరూ నెల్లూరు వెళ్ళారు. అతనికి మళ్ళీ స్కాన్ తీశారు. డాక్టరు రిపోర్టును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.  పక్క కుర్చీలో సుకుమారి కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. ఆమె ఏమని ప్రార్థిస్తోందో అతనికి తెలుసు. దేవుడు ఈ ఒక్కసారి ఆమె మాట వినకూడదని తనూ ప్రార్థించాడు.

డాక్టరు రిపోర్టు కింద పెట్టి, మొదటిసారి చిన్నగా నవ్వి, “కొవ్వు కరిగిపోయింది దయాసాగర్, ఇక నీ లివర్‌లో సగం కోసి మీ ఆవిడకు పెట్టొచ్చు” అన్నాడు.