ఇరవై మూడో చుక్క

“ఇది సూరేకారం. సర్కారు మీద తిరగబడ్డ సంఘపోళ్ల నాటుబాంబులకు పోతున్నది. ఈ ముసల్దాన్ని గోడకు నిలబెట్టి కాలుస్త,” అన్నాడు నిజాం పోలీసు అమీన్, తెల్లపొడి పొట్లాన్ని జనగామ దవాఖాన బల్లమీద విసిరేసి.

పొట్లం దొరికింది దేవరుప్పుల కూలిమనిషి భూలక్ష్మి నడుముకు చుట్టిన గుడ్డలో. చేతులు వెనక్కి విరిచి కట్టి తెచ్చారు. ఎంత కొట్టినా నోరు విప్పలేదట.

కంపౌండర్ రఘునాథ్ చిటికెడు పొడి నాలుకకు రాసుకుని చూశాడు.

“సాబ్, ఇది కడుపుల మంటకు ఇచ్చే పొడి లెక్కుంది. జర ఆగుండ్రి. పరీక్ష చేసి చూపిస్త.”

“వద్దు సారూ!” భూలక్ష్మి మొదటిసారి అరిచింది. “గా పరీక్ష వద్దు. సూరేకారమే అనుకోండ్రి.”

పాపం, భయంతో మతిపోయిందనుకున్నాడు రఘునాథ్. నిండు ప్రాణం తన చేతిలో ఉంది. ఉత్తమాటలకు అమీన్ నమ్మే రకం కాదు. అందుకే అల్మారా తాళం తీసి, తాను స్వయంగా పాళ్లు చూసి కలిపే పొడి కూడా తెచ్చాడు. రెండు గ్లాసుల్లో సమానంగా ఆమ్లం పోసి, ఒకదాంట్లో పొట్లంలోని పొడి, రెండోదాంట్లో తన పొడి ఒకే తూకం వేశాడు. రెండూ బుస్సున పొంగాయి. పొంగు తగ్గాక రంగు తేల్చే మందు కలిపాడు.

“పొడి కొంత ఆమ్లాన్ని సంపుతది సాబ్. మిగిలిందాన్ని ఈ కాస్టిక్ సోడా కలిపిన నీళ్లతోని సంపాలె. అది అయిపోంగనే రంగొస్తది. సూరేకారమైతే నూరు చుక్కలేసినా రాదు.”

గాజు గొట్టం నుంచి చుక్కచుక్కగా వదిలాడు. తన పొడి గ్లాసు ఇరవై మూడో చుక్కకు గులాబీ రంగు తిరిగింది. ఇక ఆమెది. ఇరవై... ఇరవై ఒకటి... ఇరవై మూడు. గులాబీ!

“చూసిండ్రా! ఒక్క చుక్క తేడా లేదు. అచ్చం మా మందే! ఇవి నా పాళ్లు, ఇంకే దవాఖానల దొరకయ్. ఆమెను ఇడిసిపెట్టుండ్రి!”

అతనికి సంతోషం పట్టలేదు. భూలక్ష్మి మాత్రం కళ్లు మూసుకుంది.

అమీన్ నవ్వాడు.

“సూరేకారం కాదని నాకూ తెలుసు. చిల్పూరు గుట్టల్ల దళం లీడరుకు కడుపుల పుండున్నది. మందు ఏడికెల్లి పోతున్నదో తెల్వక నెలరోజుల సంది పరేషాన్ అయితున్న. ఇప్పుడు నువ్వే చెప్పినవ్.”

రఘునాథ్ చేతులు జోడించాడు.

“కసమ్ సాబ్, నాకేం తెల్వదు! నేనెవ్వలికీ ఇయ్యలే!”

“మరి ఎవలిచ్చిండ్రు? ముసల్దానా, చెప్తవా, సస్తవా?” తుపాకి గొట్టం భూలక్ష్మి నుదుటికి ఆనింది.

దవాఖాన వెనకే రఘునాథ్ ఇల్లు; రాత్రిళ్లు అల్మారా తాళంచెవి ఉండేదీ అక్కడే. ఇంటివైపు తలుపు తీసుకుని, అమీన్‌కు చాయ్ పట్టుకొచ్చిన అతని భార్య శారద, గ్లాసు బల్లమీద పెట్టి నిదానంగా అంది:

“ఆమెను ఇడిసిపెట్టు. ఆ పొట్లం కట్టింది నేను.”