తలూపిన పొట్టేలు

"పోయేముందు ఆ నెట్ వైరు తగిలించి పో తనూజా," అన్నాడు మేనేజరు భూపేష్.

బనగానపల్లె కోల్డ్ స్టోరేజీలో జనరేటరు డీజిలు అమ్ముకుని కూలింగ్ ఆపింది అతనే. మామిడి కుళ్లినాక నింద తనూజ మీద వేసి, ఉద్యోగం ఊడగొట్టినాడు.

"కూలింగ్ ఎప్పుడు, ఎవరు ఆపిందీ రాసుకునే ఈ మిషనే చెప్తాది సార్."

"ఏం చెప్తాది? ముందే వైరు పీకినా గదా! కర్నూలు హెడ్డాఫీసుకు ఒక్క ముక్కా పోలే."

పోలేదంతే, చెరిగిపోలేదు. కర్నూలు సర్వరు 'అందింది' అనేదాకా ఈ మిషన్ ప్రతి ముక్కా కడుపులో దాచుకుంటాది. అట్లా అమర్చింది తనూజే.

జాతరలో పొట్టేలు తలూపేదాకా కత్తి ఎత్తరు.

"నిజంగా తగిలించమంటారా సార్?"

భూపేష్ విసుగ్గా తలూపినాడు.

తనూజ తగిలించింది. తెరమీద 'అందింది', 'అందింది' అని వరసగా పడతాంటే, కుర్చీ లాక్కుని కూర్చునింది.

"ఇంకా పోలేదా?"

"మీకు ఫోనొస్తాది సార్. అది చూసి పోతా."