గాజు మీద రాజ్యాంగం

“చింపేస్తున్నా!” అంటూ లాయరు షెడ్లీ కాఫీ కొట్టు అద్దానికి అంటించిన పత్రిక అంచు పట్టుకున్నాడు.

“లాయరుగారూ, మీకు దణ్ణం పెడతా” అన్నాడు యజమాని మొంజి. “రంజాన్ నెలలో పట్టపగలు ఇక్కడ పన్నెండుమంది కాఫీ తాగుతున్నారని వీధికి తెలిస్తే రేపటికల్లా నా కొట్టుకు తాళం పడుతుంది.”

ట్యూనిస్ పాతబస్తీలో ఈ నెలంతా కాఫీ కొట్లు ఇలాగే నడుస్తాయి. ముందు తలుపు మూసి ఉంటుంది, సందువైపు తలుపు తడితే తెరుచుకుంటుంది, అద్దాలకు పాత పత్రికలు ఉంటాయి. ఈసారి మొంజి చేతికందిన పత్రికలో కొత్త రాజ్యాంగం ముసాయిదా మొత్తం అచ్చయి ఉంది. గొడవంతా దాంతోనే వచ్చింది.

“ఇదేం రాత మాస్టారూ?” షెడ్లీ ఒక వరుస మీద వేలు పెట్టాడు. “మతానికి రాజ్యం కాపలా అట. నా మనస్సాక్షి స్వేచ్ఛకూ రాజ్యమే పూచీ అట. తాళం వేసేదీ వాళ్ళే, తీస్తామని మాటిచ్చేదీ వాళ్ళే!”

“తప్పేముంది? తాళంచెవి ఎవరో ఒకరి దగ్గర ఉండాలిగా” అన్నాడు అరబ్బీ పంతులు ఖమీస్, కాఫీలో రొట్టె ముంచుకుంటూ. “అడిగేవాడు లేకపోతే జనం నడిబజార్లో కూర్చుని మెక్కుతారు.”

“మరి మీరు చేస్తున్నదేమిటో?”

“నాకు కడుపులో పుండు. డాక్టరు చీటీ ఉంది.” ఖమీస్ జేబులోంచి తీసి చూపించాడు కూడా.

“చీటీ ఉన్నవారికి ఈ కాగితాల చాటు దేనికి?”

“చీటీ జేబులో ఉంది నాయనా, నుదుటి మీద లేదుగా!”

కొట్టంతా గొల్లుమంది. షెడ్లీకి ఒళ్ళు మండింది. “నవ్వండి! తప్పు చేయనివాణ్ణి కూడా దాక్కునేలా చేసే రాజ్యం మనకెందుకు? నా కడుపులోకి తొంగిచూసే హక్కు ఎవడికీ లేదు!”

“బాగానే ఉంది. ఇంట్లో మీ అమ్మ మబ్రూకాకు చెప్పావా, నువ్వు ఉపవాసం ఉండటం లేదని?”

షెడ్లీ గొంతు తగ్గింది. “అమ్మ సంగతి వేరు మాస్టారూ. తెల్లవారకముందే లేచి, ఎండుద్రాక్షల కుస్కుస్ వండి, దగ్గర కూర్చుని తినిపిస్తుంది. సాయంత్రం ఉపవాసం విడవమని ఫిరంగి మోగేదాకా ఇద్దరం గడియారం వంక చూస్తూ నీరసంగా పడి ఉంటాం. తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు.”

“అంటే రాజ్యానికి భయపడవు, అమ్మకు భయపడతావు.”

“అది భయం కాదు, గౌరవం!” అని అరిచి, ఆ రోషంలో పత్రికను సర్రున చింపేశాడు.

ఎండ ఒక్కసారిగా లోపలికి వచ్చిపడింది. కప్పులు బల్లల కిందికి దిగాయి. ఒకాయన తన ముఖానికి తన టోపీనే అడ్డం పెట్టుకున్నాడు. స్వేచ్ఛ వస్తే ఇంత కంగారు పుడుతుందని ఏ రాజ్యాంగ సభలోనూ ఎవరూ చెప్పి ఉండరు.

షెడ్లీ గర్వంగా వీధిలోకి చూశాడు. తెల్ల దుప్పటి కప్పుకుని, చేతిలో బుట్టతో ఎదురుగా వస్తున్నది అతని తల్లే!

మరుక్షణం లాయరు బల్ల కింద ఉన్నాడు. “మాస్టారూ, మూసెయ్యండి! మీ కాళ్ళు పట్టుకుంటా!” అని నిజంగానే పట్టుకున్నాడు.

“మరి నీ స్వేచ్ఛ?”

“అది తర్వాత మాట్లాడదాం, ముందు ఆ కాగితం పెట్టండి!”

ఖమీస్ జాలిపడి లేచాడు. చిరిగిన పత్రికను అద్దానికి ఆనించి, రెండు చేతులా నొక్కి పట్టుకుని నిలబడ్డాడు. వీధి కనిపించకుండా పోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అంతలో సందువైపు తలుపు మూడుసార్లు టకటకలాడింది. మొంజి ముఖం పాలిపోయింది. మళ్ళీ టకటక. తీయక తప్పలేదు.

మబ్రూకా చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చి, ఖమీస్ ఖాళీ చేసిన కుర్చీలో కూలబడింది. ఆమె చెప్పులు సరిగ్గా లాయరుగారి ముక్కు దగ్గర ఆగాయి.

“ఎప్పటిలాగే పాలెక్కువ పోసి ఇవ్వు నాయనా” అందామె మొంజితో. “మా షెడ్లీకి మాత్రం తెలియనీకు. నాకు తోడుగా ఉపవాసం ఉంటున్నాడు పిచ్చితండ్రి, నేను మొదటి రోజే మానేశానని తెలిస్తే ఎంత బాధపడతాడో!”