తాబేలు తడక

"నా తాబేలేదే?" తడకల బయట నిలబడి అరిచాడు ఓదెలు.

లోపల స్నానం చేస్తున్న బుచ్చవ్వ చెంబు ఆపలేదు. మానేరు వాగు నుంచి తెచ్చిన తాబేలు కోసం ఆమె మొగుడు ఓదెలు నిన్ననే గుంట తవ్వి, ఇసుక పోసి, చుట్టూ తడకలు కట్టాడు. మంది చూస్తే బెదురుతుందట!

రజాకార్ల గొడవలు జరిగిన ఏడాది కాపురానికొచ్చిన నాటి నుంచి ఆమె వాకిట్లో నులకమంచం నిలబెట్టి, దాని చాటునే స్నానం చేస్తోంది. తడక కట్టమంటే "నిన్నెవడు జూస్తడే?" అని నవ్వేవాడు.

"మంచం సాటుకున్నది. నా జాగ దానికిచ్చిన."

ఓదెలు అటు పరుగెత్తాడు. "బుద్ధున్నదా నీకు? తొవ్వెంట పోయేటోళ్లందరికి కనపడ్తున్నదే!"

అనేసి, అక్కడే ఆగిపోయాడు.

ఆ మాట కోసమే పొద్దుటి నుంచి కాచుకున్న బుచ్చవ్వ, తీరిగ్గా మరో చెంబు గుమ్మరించుకుంది.

"కనపడ్తది. నులక సందులల్లకెళ్లి అంత కనపడ్తది. నాకెరుకే."