వెనక వస్తున్న ముగ్గురు

రెండోసారి తిరిగి చూసినప్పుడు, ఆ ముగ్గురూ తన వెనకే వస్తున్నారని సుభద్రకి రూఢి అయింది.

నల్ల టోపీలు, కళ్ల కింద నుంచి గడ్డం దాకా తెల్ల మాస్కులు. ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడమనిషి. వాగు వంతెన దగ్గర ఆమె ఎడమకి తిరిగితే వాళ్లూ ఎడమకే తిరిగారు. డ్యూసెల్‌డార్ఫ్ శివారు అడవి అది. జనవరి చలికి దారి గట్టిపడిపోయి ఉంది. లాక్‌డౌన్ మళ్లీ పెట్టాక పట్టపగలు కూడా ఇటు మనుషులు తగ్గిపోయారు. అరిచినా వినేవాళ్లు లేరు.

ఆమె నడక వేగం పెంచింది.

ఇల్లు వదిలి ఎందుకొచ్చిందో ఆ కంగారులోనూ ఆమె మరిచిపోలేదు. భర్త భాస్కర్ రావు కోసం. పొద్దున లేచేసరికి ఆయన పక్క మీద లేడు. వంటింట్లో లేడు. గుమ్మం దగ్గర పరుగు బూట్లు కూడా కనిపించలేదు. కరోనా వచ్చాక పోటీలన్నీ ఆగిపోయాయి. వంద మారథాన్లు పూర్తి చేసినవాళ్ల క్లబ్బులో ఇప్పుడు ఎవరికి వారే అడవుల్లో పరిగెత్తుకుంటున్నారు. అరవై ఆరేళ్ల మనిషి, ఒంటరిగా, ఈ మంచులో. ఎక్కడైనా పడిపోతే లేపేదెవరు?

పోయిన వసంతంలో పక్క వీధి జగన్మోహన్‌గారు అంబులెన్స్ ఎక్కుతూ చెయ్యి ఊపారు. ఆ తర్వాత ఆయన్ని ఇంటివాళ్లకి కూడా చూపించలేదు. ఆ ఊపిన చెయ్యే ఇవాళ పొద్దుటి నుంచీ ఆమె కళ్ల ముందు ఉంది.

ముప్పై ఏళ్లుగా వాళ్ల ఆదివారాలు ఒక్కలాగే గడిచాయి. ఏదో ఒక ఊళ్లో ఫినిష్ గీత దగ్గర ఒకరు దుప్పటి పట్టుకుని నిలబడటం, ఇంకొకరు జనంలోంచి పరిగెత్తుకుంటూ రావడం. ఎంత ఆలస్యమైనా రావడం మాత్రం మానలేదు.

మలుపులో ఒకావిడ కుక్కతో ఎదురైంది. సుభద్ర ప్రాణం లేచొచ్చింది.

“ఒక్క నిమిషం. మా ఆయన్ని చూశారా? పొడుగ్గా ఉంటాడు, కళ్లజోడు. మారథాన్లు పరిగెత్తుతాడు.”

ఆవిడ మాస్కు పైకి లాక్కుని రెండడుగులు వెనక్కి వేసింది. “ఇందాక కూడా అడిగారు కదా నన్ను.”

అడగలేదు. ఇంకెవరినో చూసి ఉంటుంది. సగం మొహాల రోజులు, ఎవరు ఎవరో ఎవరికి తెలుస్తోంది?

“మీ ఇల్లెక్కడ?” అని అడిగింది ఆవిడ.

సుభద్ర నోరు తెరిచింది. వీధి పేరు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. భయం మరి. అయినా ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఇంటి అడ్రసు ఎందుకు చెప్పాలి?

ఈలోగా ఆ ముగ్గురూ మలుపు తిరిగారు. వాళ్లలో ఒకడు ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. గాలికి మాట స్పష్టంగా వినిపించింది. “కనిపించింది. గుర్రాల కొట్టం వైపు వెళ్తోంది. నువ్వు అటు నుంచి రా.”

అటు నుంచి ఇంకొకడు కూడా ఉన్నాడన్నమాట.

ఆమె పరుగందుకుంది. వెనక బూట్ల చప్పుడూ ఎక్కువైంది.

“సుభద్రా, ఆగు!” అని అరిచింది ఆ ఆడమనిషి.

తన పేరు వీళ్లకెలా తెలుసు? భాస్కర్ రావుని ఏం చేశారు? ఆయన జేబులో ఫోన్ తీసుకున్నారా? ఆమె ఇంక వెనక్కి చూడలేదు. దారి వదిలి చెట్ల మధ్య నుంచి మిట్ట ఎక్కింది. కొమ్మలు మొహానికి కొట్టుకుంటున్నాయి. దిగువన చప్పుడు కొంచెం కొంచెంగా వెనకబడింది. పై దారికి చేరి, ఇక తప్పించుకున్నాననుకుంది.

ఎదురుగా సైకిలు అడ్డం పెట్టి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఇతనికీ మాస్కు.

సుభద్ర ఉన్నచోటే ఆగిపోయింది.

“భయపడకండి,” అన్నాడతను. తెలుగులో.

ఆ ఒక్క మాటతో ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. “మీరు తెలుగువాళ్లా? నన్ను కాపాడండి అన్నయ్యగారూ. ఎవరో ముగ్గురు వెంటపడ్డారు. మా ఆయన కనిపించడం లేదు. భాస్కర్ రావుగారని, మీకు తెలుసా?”

అతను సైకిలు చెట్టుకి ఆనించాడు. “తెలుసు,” అన్నాడు.

“ఆయనకేమైనా అయిందా?”

“ఏమీ కాలేదు. రొట్టెలకని బేకరీకి వెళ్లాడు. పది నిమిషాల్లో తిరిగొస్తే మీరు ఇంట్లో లేరు. కాళ్లూ చేతులూ ఆడలేదు పాపం.”

“ఎక్కడున్నాడు ఇప్పుడు?”

“మీరు ఇంటికొస్తే ఆయనా వచ్చేస్తాడు. రండి, వేడిగా టీ తాగుదురుగాని.” అతను తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. ఆమె పరాయి మగవాడి కోటు కప్పుకోవడానికి కాస్త మొహమాటపడింది కానీ వద్దనలేదు.

చెట్లలోంచి ఆ ముగ్గురూ పైకి వచ్చారు. సుభద్ర చప్పున అతని వెనక్కి తప్పుకుంది.

“వీళ్లే.”

“వీళ్లు మంచివాళ్లమ్మా. మీ కోసమే వచ్చారు.”

వాళ్లు దగ్గరికి రాలేదు. అక్కడే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వగర్చారు. వాళ్లలో పెద్దాయన మాస్కు కిందికి లాగి, ఊపిరి కూడదీసుకుని, సైకిలు మనిషితో జర్మన్‌లో అన్నాడు:

“మా క్లబ్బులో మీ ఆవిడని పరుగులో ఎవరమూ ఎప్పుడూ అందుకోలేదు, భాస్కర్.”